రెండుసార్లు నడిపిన పరీక్ష

అక్కని చేసుకున్న మా బావకి అన్నిటికీ తొందరే. బస్సు ఆగకముందే దిగే రకం. అలాంటి మనిషి కింద ఉద్యోగం చేస్తున్నాను, నా ఖర్మ.

మా పని సర్వర్లలో పెట్టే డిస్కుల వేగం కొలవడం. ఫైళ్ళూ ఫోల్డర్లూ జాన్తానై, డిస్కు మొదటి గడి నుంచి చివరి గడి దాకా నేరుగా పిచ్చి అంకెలు రాసుకుంటూ పోవడమే. మామూలు కంప్యూటరు "చెరిపెయ్యమంటారా?" అని ఒక్క ముక్క అడుగుతుంది. ఈ పరీక్ష అడగదు. ఏ డిస్కు పేరు చెబితే దాన్ని దున్నేస్తుంది. యంత్రాన్ని ఆపి మళ్ళీ వేస్తే ఆ పేర్లు ఒక్కోసారి తారుమారవుతాయి కూడా. అందుకే నేను పేరును నమ్మను. డిస్కు మీద అచ్చేసిన నంబరుతో సరిచూసుకుని గానీ మొదలుపెట్టను. బావ దానికి చాదస్తమని పేరు పెట్టాడు.

ఆ రోజు డిస్కులు కొనేవాళ్ళు వస్తున్నారు. నేను కింద స్టోర్లో కేబుళ్ళు వెతుకుతుంటే ఫోన్ చేశాడు.

"ఏమే, ఈ కొత్త డిస్కు నత్తనడక నడుస్తోందేంటి? అనుమానమొచ్చి రెండోసారి కూడా నడిపించా. అదే ఏడుపు."

పైకొచ్చి చూశాను. యంత్రం పక్కన తీగకి వేలాడుతున్నది అక్క డిస్కు. దాని లైటు ఇంకా మిణుకుమిణుకుమంటోంది.

అమ్మకి గొంతులో గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. తీసేస్తారని తెలిసిన దగ్గర్నుంచీ అక్క అమ్మని ఎదురుగా కూచోబెట్టుకుని మాట్లాడించింది. కథలు, తిట్లు, పక్కింటావిడ మీద చాడీలు, మా ఇద్దరి ముద్దుపేర్లు, అన్నీ రికార్డు చేసింది. ఫోన్ నిండిపోతే అన్నీ ఆ డిస్కులోకి మార్చి ఫోన్లోవి తీసేసింది. "ఒక్కటే ఉంది, భయంగా ఉందండీ, ఆఫీసులో ఇంకో కాపీ తీసిపెట్టండి" అని బావ చేతికిచ్చింది. ఈ మహానుభావుడు తెచ్చి పరీక్ష యంత్రానికే తగిలించాడు. పొద్దున యంత్రాన్ని ఆపి మళ్ళీ వేశాడు. పేర్లు మారాయి. నిన్నటి పేరే కొట్టాడు. ఇవాళ ఆ పేరు అక్క డిస్కుది.

"కాపీ తీశావా బావా?"

"తీద్దామనే..."

"తీశావా, లేదా?"

"కొనేవాళ్ళ గొడవ వదిలాక తీద్దామనుకున్నా."

"నీ తొందర తగలెయ్య!" అని అరిచాను. పక్క గదిలోంచి ఎవరో తొంగిచూసి గబుక్కున తలుపేసుకున్నారు.

"పోనీ, చెరిగినవి తెచ్చే సాఫ్ట్‌వేర్లుంటాయిగా. నువ్వు తెస్తావులే."

"చెరిగితే తేవచ్చు. నువ్వు వాటి మీద రాశావు. అదీ రెండుసార్లు! దేవుడు దిగొచ్చినా రావు."

కుర్చీ నా దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "నువ్వే చేశావని చెప్పవే. చెల్లెలివి, నాలుగు తిట్టి ఊరుకుంటుంది. నన్నయితే బతికినంతకాలం దెప్పుతుంది."

ఎంత ముందుచూపో చూడండి! ఆ బుర్రలో సగం డిస్కు పేరు చూడ్డానికి వాడి ఉంటే సరిపోయేది. ఛస్తే చెప్పనన్నాను.

సాయంత్రం నేను అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయన ముందే చేరి, నేనే చేశానని చెప్పేశాడు. టీవీ ముందు తేలు కుట్టిన దొంగలా కూచున్నాడు. అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"దాన్లో ఏముందో నీకు తెలీదుటే?"

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. అదే మాట మళ్ళీ అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అక్కా, అసలు చేసింది..."

అక్క దగ్గరే ఉంటున్న అమ్మ మంచం మీంచి లేచింది. అల్లుడి వైపు ఒకసారి చూసింది, అక్క వైపు చూసింది. చెప్పేవాళ్ళు లేకుండానే ఆవిడకి అర్థమైపోయింది. నా దగ్గరికొచ్చి అరచేత్తో నా నోరు మూసింది. వద్దని తల అడ్డంగా ఊపింది.

పోయింది ఆవిడ గొంతు. ఆవిడకి బెంగేమో కూతురి కాపురం మీద. డాక్టర్లు గొంతు తీసేసిన రోజున కూడా నాకంత కోపం రాలేదు. ఆ చేతిని కొరికెయ్యాలనిపించింది.

అమ్మ చెయ్యి తీసింది.

"అవునక్కా," అన్నాను. "నేనే."