తోడు మేత

తొట్టిలో మిగిలిన దాణాను అరచేత్తో ఒక పక్కకు నెట్టి, చిటికెడు తీసి వాసన చూసి, మేతాయన మొహం చిట్లించాడు. తాను కలిపే దాణాలో మొక్కజొన్న నూక ఇంత ఉండదు. తవుడు ఎంత, శనగపొట్టు ఎంత, నూక ఎంత, ఉప్పు ఎంత అన్నది ముప్పై ఏళ్ళుగా ఆ చేతికి అలవాటైపోయిన పాళ్ళు. నిన్న సాయంత్రం తాను ఇంటికి వెళ్ళాక ఎవరో రెండు డబ్బాల నూక అదనంగా గుమ్మరించారు. ఆ ఎవరో ఎవరన్నది కూడా అతనికి తెలుసు.

మూలన మేకపోతు తల వేలాడేసి నిలబడి ఉంది. నల్లటి ఒళ్ళు, మెడ కింద తెల్లటి మచ్చ, ఛాతీ దాకా వచ్చే ఎత్తు. షెడ్డులో అందరూ దాన్ని పెళ్ళికొడుకు అంటారు. వారానికి రెండు తలంట్లు, రోజూ దువ్వెన, గిట్టలకు నూనె, పొద్దున్నే మైలు దూరం నడక, వేళకు మేత. ఆ వైభవం చూసి పెట్టిన పేరు. రేపే మేకల ప్రదర్శనలో దానికి పోటీ. ఇవాళ మాత్రం వీపు విల్లులా వంచుకుని, చెవులు కిందికి జార్చి, ఎవరి మీదో అలిగినట్టు గోడకేసి చూస్తోంది.

పక్కనే ఇంకో మేక కరకరమని తింటోంది. రంగూ రూపూ లేని మామూలు మేక. దానికి పోటీలతో సంబంధం లేదు. దాని ఉద్యోగమల్లా తినడమే. ఒంటరిగా కట్టేస్తే ఎంత గొప్ప మేకైనా మేతకు వంకలు పెడుతుంది. పక్కన ఇంకొకటి మూతి పెట్టి లాగిస్తుంటే, తన వాటా ఎక్కడ పోతుందోనని గబగబా తింటుంది. అందుకని పోటీకి పోయే ప్రతి మేకకూ మేతాయన ఒక తోడును కట్టేవాడు. దీనికి తోడుపెళ్ళికొడుకు అని పేరు పెట్టింది అతనే. పెట్టి, తనలో తాను నవ్వుకున్నాడు కూడా. షెడ్డు గోడ మీద గెలిచిన మేకల ఫొటోలు ఇరవై రెండున్నాయి. మేకలు, కప్పులు, నవ్వుతున్న యజమానులు. మేతాయన ఒక్కదానిలోనూ లేడు. రెండింటిలో మాత్రం ఒక అంచున తాడు పట్టుకున్న చేయి కనిపిస్తుంది. అది ఎవరిదని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అతను పోతు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని ఎడమ డొక్కలో గుప్పిట ఆనించాడు. బాగున్న మేకకైతే నిమిషానికి ఒకటి రెండుసార్లు పొట్ట లోపలినుంచి పొంగి గుప్పిటను బయటికి నెడుతుంది. కళ్ళు మూసుకుని వేచి చూశాడు. తోడుమేక తినడం ఆపి, ఇటు చూసి, మళ్ళీ తినడం మొదలుపెట్టింది. గుప్పిట కింద ఏ కదలికా లేదు. తవుడు బస్తా మీద చెయ్యి పెట్టినట్టుంది.

యజమాని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళవాడు. తండ్రి పోయి షెడ్డు చేతికొచ్చి మూడేళ్ళయింది. మనిషి మంచివాడే, కాకపోతే కాలు నిలవదు. అడక్కముందే తప్పు ఒప్పేసుకున్నాడు. పైతరగతి పోటీలో నిలబడాలంటే పోతు తొంభై కిలోలు తూగాలి, నిన్న ఎనభై తొమ్మిది దగ్గరే ఆగింది, ఆ ఒక్క కిలో కోసం మనసాగక నూక పోశానన్నాడు. ఇవాళ కూడా తినకపోతే ఉన్నది కూడా తగ్గిపోతుంది కాబట్టి గొట్టం పెట్టి జావ పోసేద్దామా అని అడిగాడు.

మేతాయన అడ్డంగా తలూపాడు. "లోపల కదలిక లేదు బాబూ. కదలిక లేని పొట్టలో పోస్తే అది మేత కాదు, బరువు. ముందు తొట్టి తీసేయాలి."

"మరి రేపు పోటీ బాబాయ్?"

"పోటీ మళ్ళీ ఏడాది వస్తుంది."

ఆ మాట అంత నింపాదిగా అన్నాడే కానీ, తొట్టిని ఎత్తి బయట పెట్టేటప్పుడు అతని మనసు చివుక్కుమంది. తొమ్మిది నెలల కష్టం అది. గోరువెచ్చటి నీళ్ళలో వంటసోడా కలిపి, సీసాతో దవడ పక్కనుంచి కొద్దికొద్దిగా తాగించాడు. మింగిందో లేదో గొంతు మీద వేలు పెట్టి చూసి మరో గుక్క పోశాడు. ఎదురుగా గుప్పెడు ఎండుగడ్డి మాత్రం వేలాడదీసి, ఎవరూ దగ్గరికి రావద్దని చెప్పి, మధ్యాహ్నం సైకిలెక్కి ఇంటికి బయలుదేరాడు.

ఇస్త్రీ కొట్టు పక్క సందులో రెండు గదుల ఇల్లు. అందులో అతనూ, అక్కా. అక్క ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి పోయేనాటికి అతనికి ఏడేళ్ళు. అప్పటినుంచి తల్లైనా తండ్రైనా అక్కే. నలభై ఏళ్ళు బట్టల కొట్టులో, కొనేవాళ్ళు విప్పిపారేసిన గుడ్డల్ని మళ్ళీ మడతపెట్టే పని చేసింది. ఎవరైనా ఆమె పెళ్ళి మాట ఎత్తితే, ముందు వీణ్ణి ఎవరికైనా అంటగట్టాలి కదా అనేది. అతని పెళ్ళి మాట ఎత్తితే, మేకల కంపు భరించే పిల్ల దొరకొద్దూ అని అతను అనేవాడు. అలా వంకలు చెప్పుకుంటూనే ఇద్దరికీ వయసైపోయింది.

ఐదు నెలలుగా అక్కకు ఆకలి లేదు. మనిషి చిక్కి సగమైంది. ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజున అతను మందుల వరసలో నిలబడి ఉండగా డాక్టరు ఆమెను లోపలికి పిలిచాడు. బయటికొచ్చి, ఏమీ లేదురా, ఆకలి మందగించింది, నెమ్మదిగా అదే కుదురుకుంటుందన్నాడు అంది. అక్క చెప్పిందంటే అతనికి ఇక దానికి తిరుగులేదు. కానీ ఆమె కంచం ముట్టకపోతే అతనికీ ముద్ద దిగలేదు. మూడు రోజులు అలా ఎదురెదురుగా కూర్చుని లేచిపోయారు. నాలుగో రోజున అతనికి తన విద్య గుర్తొచ్చింది. కంచాన్ని అక్క కంచానికి ఆనించి పెట్టి, తన అన్నం వదిలేసి, ఆమె కంచంలోంచి ఒక ముద్ద దొంగిలించాడు. అక్క చెయ్యి మీద ఒక్కటేసింది. వేసి, మిగిలింది తినేసింది. ఆ రోజు మేతాయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. తక్కినవాళ్ళ పోటీలు ఏమైతేనేం, అక్కను దక్కించుకోవడం ఒక్కటే అతని సొంత పోటీ. అందులో తాను గెలుస్తున్నాననే అనుకుంటున్నాడు.

సందు మొదట్లో ఇస్త్రీ ఆవిడ అతన్ని చూసి పెట్టె పక్కన పెట్టింది. "అన్నయ్యా," అంది. అతను సైకిల్ ఆపాడు. ఆమె ఏదో చెప్పబోయి, గుమ్మంలో నిలబడ్డ అక్కను చూసి, ఎండ మండిపోతోంది అని ఊరుకుంది. అక్క తలుపుకు చేరబడి నిలబడి ఉంది. చీర ఆమె ఒంటి మీద కాక చిలక్కొయ్యకు తగిలించినట్టుంది. నవ్వు మాత్రం ఎప్పటిదే.

"వచ్చావా దొంగా? కాళ్ళు కడుక్కో. ముందు నా కంచానికి కాపలా పెట్టుకోవాలి."

అన్నం మెత్తగా ఉడికించింది. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. అతను పెద్ద పెద్ద ముద్దలు కలుపుకుని, చప్పుడు చేస్తూ, లొట్టలు వేస్తూ తిన్నాడు. షెడ్డులో ఒకసారి, ఇంట్లో ఒకసారి రెండు భోజనాలతో అతని పొట్ట చొక్కా గుండీల్ని తోస్తోంది. అక్క రెండు ముద్దలు తిని ఆగింది. కంచం వైపు కాకుండా కిటికీ వైపు చూస్తోంది. అతను చటుక్కున చేయి చాచి ఆమె కంచంలోంచి కూర ముక్క లాక్కున్నాడు.

"ఛీ, మనిషివా మేకవా?" అని చేతి మీద కొట్టింది. ఆ దెబ్బకు ఈగ కూడా లేచేది కాదు. మూడో ముద్ద తింది. నమలడం చాలాసేపు పట్టింది.

అతను పోతు సంగతి చెప్పాడు. యజమాని తొందర, నూక, రేపటి తూకం అన్నీ చెప్పి, తొట్టి తీసేశానన్నాడు. అక్క అతని మొహంలోకి చూసింది.

"తీసేస్తే అది బెంగపెట్టుకోదా?"

"ఎందుకు పెట్టుకుంటుందక్కా? దానికి హాయి. లోపలికి పోనప్పుడు ఎదురుగా మేత పెట్టి తినమనడమంటే హింస పెట్టడమే. నోరులేని జీవం, వద్దని చెప్పలేదు కదా. మనమే కనిపెట్టుకోవాలి."

 అక్క కంచంలో అన్నాన్ని వేళ్ళతో చిన్న చిన్న ముద్దలుగా చేసింది.

"మంచి పని చేశావురా," అంది. అని, నాలుగో ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత అయిదు, ఆరు. ఆరోది మింగేటప్పుడు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. కారం ఎక్కువైందంది. అతనికి కారం తెలియలేదు, అయినా మంచినీళ్ళు అందించాడు. ఈ మధ్య ఆరు ముద్దలు తిన్న రోజు లేదు. సైకిలెక్కుతూ వెనక్కి తిరిగి, రేపు ఏడు అని వేళ్ళు చూపించాడు. వెళ్ళవయ్యా వెళ్ళు అన్నట్టు ఆమె చేయి ఊపింది.

మధ్యాహ్నమంతా పోతును షెడ్డు చుట్టూ నెమ్మదిగా నడిపించాడు. నాలుగడుగులు నడిపించి ఆగుతాడు, డొక్క నిమురుతాడు, మళ్ళీ నాలుగడుగులు. నడుస్తూ దానితో కబుర్లు చెప్పాడు. నువ్వు గెలవకపోయినా నాకేం పరువు తక్కువ కాదు, బతికి బట్టకట్టు చాలు అన్నాడు. తోడుమేక తాడు లేకుండానే వెనకాల నడిచింది. నాలుగు గంటల వేళ గుప్పిట కింద ఏదో మెల్లగా పొర్లింది.  ఇంకాసేపటికి మళ్ళీ పొంగింది, ఈసారి గట్టిగా, గుప్పిటను తోసేస్తూ. పోతు గుర్రుమని ఒక తేన్పు తేన్చి, దవడ పక్కకు జరిపి, నెమరు వేయడం మొదలుపెట్టింది.

మేతాయనకు ఏడుపొచ్చినంత పనైంది. యజమాని పరుగున వచ్చి బాబాయ్ అంటూ రెండు చేతులూ పట్టుకున్నాడు. తొంభై తూగదేమో అన్నాడు మేతాయన. తూగకపోతే పోయిందిలే, దక్కింది చాలు అన్నాడు యజమాని. ఆ మాటకు మేతాయన కడుపు నిండిపోయింది. పోతుకు గుప్పెడు పచ్చగడ్డి మాత్రం వేసి, తక్కినది రేపేనని గట్టిగా చెప్పి, అయిదు గంటలకు ఇంటిదారి పట్టాడు. ఈ కబురు అక్క చెవిన వేయాలని సైకిల్ గబగబా తొక్కాడు.

ఇస్త్రీ కొట్టులో ఎవరూ లేరు. బల్ల మీద సగం మడతలో చొక్కా ఒకటి ఉంది. ఆవిడ అతని గుమ్మంలో నిలబడి ఉంది. అతను సైకిల్ దిగకముందే ఆవిడ మొహం చూశాడు. నీళ్ళిద్దామని మూడింటికి లోపలికెళ్ళానని, నిద్రపోతోందనుకుని వచ్చేశానని, ఇందాక మళ్ళీ వెళ్ళి తట్టి చూస్తే లేవలేదని ఆవిడ మెల్లగా చెప్పింది.

అక్క మంచం మీద గోడ వైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. అతను పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. వేళ్ళు విడదీసి మళ్ళీ కలిపాడు. ఎంతసేపు అలా చేశాడో అతనికి తెలియలేదు.

"మధ్యాహ్నం బాగానే తిన్నది కదా చెల్లెమ్మా. ఆరు ముద్దలు తిన్నది."

ఇస్త్రీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 

"ఆమె ఒంట్లో ఒక్క ముద్దా నిలవలేదన్నయ్యా. మీ సైకిల్ సందు దాటగానే నన్ను కేకేసేది. గట్టి తిండి ఇక లోపలికి పోదు, నీళ్ళలాంటివే తాగమని ఆ రోజే చెప్పాడట డాక్టరు. మీతో చెప్తానంటే ఒట్టు వేయించుకుంది. నేను తింటేగాని వాడు తినడే, మూడు రోజులు చూశాను, ఎండన పడి పనిచేసేవాడు ఏమైపోతాడు అనేది."

 ఇన్నాళ్ళూ మేతాయన ఆమెకు తాను తోడు తింటున్నాననుకున్నాడు. తనకే ఆమె తోడు తిన్నది. మేక డొక్కలో చెయ్యి పెట్టి చూడనిదే మేత వేయని మనిషి, అక్కను మాత్రం కన్నెత్తి చూడకుండా కంచం ముందుకు లాగాడు. రోజూ లాగాడు. లాగి, గెలిచానని నవ్వాడు. ఆ నవ్వు గుర్తొచ్చి అతని ఒళ్ళు దహించుకుపోయింది. వద్దని ఒక్కమాట అనకపోయావా అక్కా అని గోడ వైపున్న ఆ మొహాన్ని అడిగాడు. అడిగి, భోరున ఏడ్చాడు.

నలుగురూ పోగయ్యారు. ఎవరో ఆమె కాళ్ళు సాపు చేయాలన్నారు. దుప్పటి మంచం మీంచి కిందికి జారి ఉంటే అతను వంగి అందుకోబోయాడు. మంచం కింద, గోడ వారగా, ఐదు నెలలుగా ఆ గదిలోనే తిరుగుతూ అతను ఒక్కసారీ చూడని బేసిన్ ఒకటి ఉంది. శుభ్రంగా తోమి బోర్లించి ఉంది. దాని మీద అంచుకు అంచు కలిపి నాలుగు మడతలు పెట్టిన పాత గుడ్డ, ఇంకా తడి ఆరనిది.