పదకొండు చిరుగులు

కొత్త బట్టను పాతబట్ట చెయ్యడానికి కుట్టుషెడ్డులో బట్టలు కత్తిరించే కత్తెరక్క ఎనిమిది రోజులుగా నానా చావూ చస్తోంది. గరుకురాయితో మోచేతుల దగ్గర రుద్దాలి, ఉప్పునీళ్ళలో ముంచాలి, ఎండలో ఆరెయ్యాలి, మళ్ళీ రుద్దాలి. ఆ నూలుబట్ట మీటరు ధర ఆమె వారం జీతం. అంత బట్టనూ ఎవరో ఇరవై ఏళ్ళు గోడలకు సున్నం కొడుతూ తొడుక్కున్నట్టు తయారుచెయ్యమని హుకుం. ఆ మధ్యాహ్నానికి వేళ్ళ కొసల్లో చర్మం లేచిపోయింది. ఆ బట్టతో కుట్టిన గౌనుకు రక్తం మరక పడుతుందేమోనని ఆమె మాటిమాటికీ చేతులు ఎత్తి చూసుకుంటోంది.

"పడితే పడనీ అక్కా. చూడ్డానికి ఇంకా నిజంగా ఉంటుంది కదా?" అంది చిన్నమేడమ్. వేళాకోళానికి అన్న మాట కాదు. తల పక్కకు వాల్చి, కళ్ళు చికిలించి, నిజంగానే ఆలోచించి అంది. దేవుడు కొందరికి బుర్ర ఇచ్చి, దాన్ని వాడే అవసరం మాత్రం ఇవ్వడు.

పద్నాలుగు మిషన్లున్న ఆ కుట్టుషెడ్డు చిన్నమేడమ్ తల్లిది. ఊళ్ళోని గొప్పింటి ఆడవాళ్ళ క్లబ్బు ఏటా ఫ్యాషన్ పోటీ పెడుతుంది. ఈ ఏడు వాళ్ళకు ఎక్కళ్ళేని జాలి పుట్టుకొచ్చి, పోటీకి 'శ్రమకు వందనం' అని పేరు పెట్టారు. ఎవరి డ్రెస్సు వాళ్ళే ఊహించి, వాళ్ళే గీసి, వాళ్ళే కుట్టాలట. అందులో పేరు నమోదుకు కట్టే రుసుముతో కత్తెరక్క ఇంట్లో మూడు నెలలు పొయ్యి వెలుగుతుంది. శ్రమకు వందనం పెట్టడమంటే మరి ఊరికే అవుతుందా!

చిన్నమేడమ్ ఊహ మేకుకు వేలాడుతూ దొరికింది. కత్తెరక్క పనిలో వేసుకునే పొడుగు గౌను అది. కత్తెరకొక జేబు, సుద్దముక్కకొక జేబు, టేపుకొక జేబు, అన్నీ ఆమె తన చేతికి వీలుగా పెట్టుకున్నవే. "వావ్! ఇదే నా డిజైన్" అంది ఆ పిల్ల. ఆ తర్వాత బొమ్మ గీసింది కత్తెరక్క, కాగితం మీద కొలతలు వేసి కత్తిరించింది కత్తెరక్క, కుట్టిందీ కత్తెరక్కే. పక్కన కుర్చీలో కూర్చుని "ఇంకొంచెం పేదగా, ఇంకొంచెం పేదగా" అనడం చిన్నమేడమ్ వంతు.

ఎనిమిదో రోజుకు పని చిరుగుల దాకా వచ్చింది.

"మీ బట్టలు ముందు ఎక్కడ చిరుగుతాయక్కా?"

"చంకల్లో. ఆ తర్వాత కూర్చునే చోట."

"ఛీ, అక్కడొద్దు. భుజం మీద ఒకటి పెడదాం. నడుం దగ్గర రెండు. మోకాలి పక్కన ఒకటి..." అంటూ సుద్దతో పదకొండు చోట్ల గుర్తులు పెట్టింది. ఒక్కో చిరుగుకు ఒక్కో పేరు కూడా పెట్టింది. భుజం మీదది ఆకలి, నడుం దగ్గరవి ఎదురుచూపులు, మోకాలి పక్కది వలస. పొద్దున రెండు గిన్నెల పళ్ళముక్కలు తిని వచ్చిన పిల్ల ఆకలికి అంగుళన్నర చాలంది. కత్తెరక్క పళ్ళ బిగువున నవ్వు ఆపుకుని, గుర్తులున్న చోటల్లా కోసి, సూదిమొనతో పోగులు లాగి పీచు చేసింది. ఏ చిరుగు ఎక్కడుందో అంగుళాలతో సహా గీసిన ఒకే ఒక్క బొమ్మను ఆ మధ్యాహ్నమే పోటీవాళ్ళకు పంపేశారు. డ్రెస్సు ఆ బొమ్మకు సరిపోకపోతే స్టేజీ ఎక్కనివ్వరు.

అది అయ్యాక కత్తెరక్కను గుండీల కోసం బజారుకు తరిమారు. ఈలోగా చిన్నమేడమ్ గౌను తొడుక్కుని, అద్దంలో నాలుగువైపులా చూసుకుని, విప్పింది. అంతలో ఫోన్ మోగింది. చేతిలోని గౌనును దగ్గర్లో కనబడిన బుట్టలో పడేసి, మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది. ఆ బుట్ట రఫూ పెద్దమ్మది.

చిరిగిన గుడ్డలో పోగుకు పోగు అల్లి, చిరుగున్న ఆనవాలే లేకుండా చెయ్యడం రఫూ పని. పెద్దమ్మ ఇరవయ్యారేళ్ళుగా ఆ షెడ్డులో, ఆ కిటికీ పక్కనే కూర్చుని అది చేస్తోంది. చిరిగినవి బుట్టలో పడతాయి, ఆమె చేతుల మీదుగా బాగుపడి బయటికొస్తాయి. ఎవరిదని అడగడం, ఎందుకు చిరిగిందని అడగడం ఆ షెడ్డులో లేదు. ఇప్పుడామెకు చూపు తగ్గింది. ఆ కిటికీ వెలుతురులో తప్ప సూదిలో దారం ఎక్కించలేదు. ఆ కుర్చీ పోతే ఆమెకు ఇంకెక్కడా పని దొరకదన్న సంగతి షెడ్డులో అందరికీ తెలుసు.

మర్నాడు పోటీ. పొద్దున కత్తెరక్క లోపలికి అడుగు పెట్టగానే పెద్దమ్మ మడతపెట్టిన గౌను ఆమె చేతిలో పెట్టింది. ముసలి ముఖం వెలిగిపోతోంది.

"నిన్న నువ్వటు వెళ్ళావు, ఇది బుట్టలో పడుందే. చీకటి పడేదాకా కూర్చున్నా, మిగిలింది తెల్లారి వచ్చి పూర్తిచేశా. బంగారంలాంటి గుడ్డ! పదకొండు చోట్ల చించారే! చేతులు పడిపోనూ!"

"పదకొండూ నేనే చించానే పెద్దమ్మా."

"నీకేం పోయేకాలమే!"

కత్తెరక్క గౌను బల్ల మీద పరిచింది. భుజం తడిమింది, నడుం తడిమింది, తిరగేసి వెలుతురుకు పట్టి చూసింది. గౌను లోపలి మడతల్లోంచే పోగులు లాగి అల్లింది పెద్దమ్మ. చించిన చేతులకే చిరుగు తగల్లేదు. అబ్బ, ఏం చెయ్యి ఈ ముసలమ్మది, అనుకుంది. మరుక్షణంలో పోటీవాళ్ళకు పంపిన బొమ్మ గుర్తొచ్చింది.

పది దాటాక తల్లీకూతుళ్ళు వచ్చారు. చిన్నమేడమ్ గౌను చూసి, "మమ్మీ, నా చిరుగులు!" అని ఏడుపు లంకించుకుంది. నగలు పోయినా అంత ఏడుపు ఏడవరు.

"గౌను ముట్టుకోమని నీకెవరు చెప్పారు?" అంది మేడమ్.

"బుట్టలో ఉంది కదమ్మా..." అంది పెద్దమ్మ.

"చిన్నమేడమే పడేసింది మేడమ్. మిషన్ల దగ్గరున్న వాళ్ళంతా చూశామన్నారు" అంది కత్తెరక్క.

"నిన్నడిగానా? రెండింటికి కారు బయల్దేరుతుంది. ఈలోగా మళ్ళీ చించు." తర్వాత పెద్దమ్మ వైపు తిరిగింది. "నువ్వు నీ సంచి తీసుకో. రేపట్నుంచి రానక్కర్లేదు. కళ్ళూ కనబడవు, బుర్రా పనిచెయ్యదు."

 పెద్దమ్మ గబగబా గౌను అంచు పట్టుకుంది. "తప్పయిపోయింది తల్లీ. నేనే విప్పేస్తా. ఎలా చించారో అలాగే చేసిస్తా. ఆ కుర్చీ ఒక్కటీ తియ్యకమ్మా" అంటూ సూది అందుకుంది.

కత్తెరక్కకు ఒళ్ళు మండిపోయింది.  ఆకలి అని పేరుపెట్టి భుజాన తగిలించుకుంటారా, ఆకలి తీర్చుకునే దాని కుర్చీ లాగేస్తారా? ఆమె పెద్దమ్మ చేతిని సూదితో సహా పట్టుకుని, "విప్పకు. కూర్చో" అంది. కత్తెర తీసి బల్ల మీద పెట్టింది.

"నేను చించను మేడమ్."

"ఏమన్నావ్?"

"చించనన్నాను. పెద్దమ్మ పని మీద కత్తెర పెట్టను."

ఆ షెడ్డులో ఇంతవరకూ ఎవరూ మేడమ్‌తో అనని మాట.  అన్నాక కత్తెరక్కకు ఇంటద్దె గుర్తొచ్చింది. అయినా కత్తెర మళ్ళీ తీసుకోలేదు.

"సరే, నువ్వూ పో! నువ్వు లేకపోతే పని ఆగుతుందా?" మేడమ్ మిషన్ల వైపు తిరిగింది. "ఎవరొస్తారు? ఎక్కువిస్తాను."

మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. పద్నాలుగు తలల్లో ఒక్కటీ పైకి లేవలేదు.

"నేనే చేస్తాలే. నా డిజైనే కదా!" అని చిన్నమేడమ్ ముక్కు తుడుచుకుని, కత్తెర అందుకుంది. బొటనవేలు పెట్టాల్సిన చోట రెండు వేళ్ళు దూర్చి, తీసి, మళ్ళీ దూర్చింది. గౌను భుజం లాగి చూసింది. కిందికి జరిపింది, పైకి జరిపింది. తిరగేసి మోకాలి దగ్గర వెతికింది. నడుం దగ్గర కత్తెర ఆనించి, అనుమానమొచ్చి తీసేసింది.

"మమ్మీ, ఎక్కడుండేవి?"

మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది. ఇద్దరి తలలూ గౌను మీద దగ్గరదగ్గరగా కదులుతున్నాయి. బట్ట ఎక్కడ చూసినా ఒక్కలాగే ఉంది.

"అక్కా, భుజం మీద ఎక్కడ? ప్లీజ్, అదొక్కటి చెప్పు చాలు."

 పాపం పెద్దమ్మ మనసాగక, చోటు చూపించబోయి వేలు ఎత్తింది. కత్తెరక్క ఆ వేలిని తన పిడికిట్లోకి తీసుకుని, గట్టిగా పట్టుకుంది.