సందు వైపు మెట్లు

దుకాణం బాగుచేయడానికి మా మామ బసవయ్య ఒక్క కొత్త మేకు కూడా కొనలేదని హైదరాబాదు కార్వాన్‌లో అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

జర్మనీ యుద్ధం నడుస్తోంది. ఇనుము దొరకదు, కలప ధర ముట్టుకుంటే కాలుతుంది. మా పప్పుల దుకాణం పైకప్పేమో ఇవాళో రేపో అన్నట్టుంది. నవాబులుండే పాత మహలు, దేవిడీ అంటారు, ఒకటి పడగొడితే అక్కడి నుంచి మామ దూలాలు, తలుపులు తెప్పించాడు. పాత ఇటుకలకు సున్నం గోకించాడు, వంగిన మేకుల్ని తిన్నగా కొట్టించాడు. అంతవరకు నేనూ భేష్ అనుకున్నాను.

శివరాత్రికి నేనూ మా అత్త నాగమణమ్మా ఏడుపాయల జాతరకు పోయి, రాత్రి దుకాణం మూశాక ఇల్లు చేరాం. మర్నాడు మధ్యాహ్నం ఎప్పటిలాగే, దుకాణం మీద మేముండే మేడ వెనక తలుపు తీశాను. సందులోకి దిగే కట్టె మెట్లు లేవు. కింద సందు, అవతల పాలమ్మే సక్కుబాయి బర్రెలు, మధ్యలో గాలి. దుకాణంలో అరలకు పలకలు తక్కువయ్యాయట. ఒక ఇంటికి రెండు మెట్లదారులెందుకని మామ వడ్రంగి దుర్గయ్య చేత విప్పించాడట. నా మెట్ల మీద ఇప్పుడు కందిపప్పు డబ్బాలు కూర్చున్నాయి.

ఇక మిగిలినవి లోపలి మెట్లు. అవి దుకాణంలోకే దిగుతాయి. బేరం చేసే గద్దె మీద మగవాళ్లు కూర్చుని ఉండగా ఇంటి ఆడవాళ్లు దాని ముందు నుంచి నడిస్తే లక్ష్మి లేచిపోతుందని మా వాళ్ల ఆచారం. పొద్దున పూజ చేసి కూర్చుంటే మామ దీపాలు పెట్టాక గానీ లేవడు. మధ్యలో అన్నానికి లేస్తే మా ఆయన రామలింగం కూర్చుంటాడు.

రోజూ మధ్యాహ్నం నేను పోయేది సక్కుబాయి పంచకు. ఆమె కూతుళ్లకు, చుట్టుపక్కల ఆడపిల్లలకు తెలుగు నేర్పేదాన్ని. రోజు మొత్తంలో నాది అనుకున్నది ఆ కాసేపే. అది పోతే ఆ ఇంట్లో నేను పొయ్యికీ పడకకూ మధ్య తిరిగే మనిషిని, అంతే.

మొదట్లో కిటికీ నుంచి చెప్పాను. పిల్లలు సందులో నిలబడి, తలలెత్తి అప్పజెప్పేవాళ్లు. పలకల్ని బుట్టలో పైకి లాక్కుని, దిద్ది, దింపేదాన్ని. లొల్లి దుకాణంలోకి వినపడుతోందని మామ కబురంపాడు. బుట్ట పోయింది, తర్వాత పిల్లలూ రావడం మానేశారు. కిటికీలోంచి బర్రెల్ని చూస్తూ కూర్చునేదాన్ని. నాకంటే బర్రెలే నయం, పొద్దున్నే వాటిని మేతకు విప్పుతారు.

మా ఆయన్ని అడిగాను.

"యుద్ధం అయిపోనీ సావిత్రీ. కట్టె అగ్గువైతే మళ్ల పెట్టిస్త. గింతదానికి ఫికరెందుకు?" అన్నాడు.

గింతదట. యుద్ధం ఎప్పుడయిపోతుందో చేసేవాళ్లకే తెలియదు, నన్ను ఆగమంటాడు.

అత్త దగ్గర ఏడ్చాను. ఆమె కందులు చెరుగుతూ, జాతరకో చావుకో తప్ప తను ఈ గడప దాటింది లేదని, ఆ మెట్లు ఎన్నడూ దిగనే లేదని చెప్పింది. అది ఊరడింపులా లేదు, తిట్టులా కూడా లేదు.

ఒకనాడు సక్కుబాయి చిన్న కూతురు ఎల్లమ్మ సందులోంచి పిలిచింది. పలక ఎత్తి చూపించింది. ఖాళీగా ఉంది.

"అన్ని మర్చిపోయిన అక్కా," అంది.

కొంగు తల మీదికి లాక్కుని లోపలి మెట్లు దిగాను. మా ఆయన సరుకు కోసం బేగంబజార్ పోయాడు. గద్దె మీద మామ ఉన్నాడు. నన్ను చూడగానే బేరాలు ఆగిపోయాయి. మామ కోడలితో నేరుగా మాట్లాడడు, అదీ ఆచారమే. కాబట్టి నన్ను లోపలికి పొమ్మనలేడు. నేను గద్దె దాటలేదు, వెనక్కీ పోలేదు. తల వంచుకుని మెట్ల తలుపు దగ్గరే నిలబడ్డాను. తక్కెట్లో పెసలు తక్కెట్లోనే ఉన్నాయి. చాలాసేపటికి మామ గద్దె దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పోయి ఎండలో నిలబడ్డాడు. కొనడానికి వచ్చినవాళ్లూ ఆయన వెనకే పోయారు. గద్దె మీద మగవాళ్లు లేరు, ఇక దాని ముందు నుంచి నడిచినా ఆచారం తప్పదు.

అప్పుడు ఎవరో నా రెక్క పట్టుకున్నారు. అత్త. నన్ను వెనక్కి లాగడానికే దిగి వచ్చింది, గట్టిగానే పట్టుకుంది. ఖాళీ గద్దెను చూసింది. వీధిలో నెత్తిన తువ్వాలేసుకుని నిలబడ్డ మొగుణ్ని చూసింది.

"ఆగు పిల్లా," అంది. "నేను గూడ వస్త."

ఎక్కడికని మాత్రం అత్త అడగలేదు.