వలెన్సియా బజారులో ఒక జీడిపప్పు

జీడిపిక్కలు చేత్తో ఎలా కొడతారో విదేశీయులకు చూపించడానికి పలాస వ్యాపారి మహీధర్ తన షెడ్డులో పనిచేసే కాంతాన్ని స్పెయిన్‌లో ఒక ప్రదర్శనకు తీసుకెళ్లాడు. ఆఖరి రోజున ఇద్దరూ వలెన్సియాలోని పాత బజారు చూడడానికి వెళ్లారు. అద్దాల గోపురం కింద ఉప్పు పట్టించిన పంది తొడలు వరసగా వేలాడుతున్నాయి. ఆ పక్క దుకాణంలో జీడిపప్పు మెరిసిపోతోంది.

తన ఊరు అక్కుపల్లి నుంచి ఇరవై రెండేళ్లుగా షెడ్డుకి వస్తున్నా, కాంతం అక్కడ విరగని గుండు పప్పు ఒక్కటైనా తిని ఎరగదు. పనిలో నోరు కదిపితే గద్దింపే. ఇంటికెళ్లేటప్పుడు పప్పు దాచలేదని కొంగు దులిపి చూపించాలి. ఇక్కడైనా మహీధర్ కళ్ల ముందే ఒకటి నమలాలని విమానం ఎక్కినప్పుడే అనుకుంది.

దుకాణదారురాలు నవ్వుతూ రుచి చూడమని పళ్లెం చాపింది. కాంతం ఒక గుండు పప్పు తీసి పెదాల దాకా తెచ్చింది.

"ఏటే కాంతం! నోట్లో ఎట్టేత్తన్నావు?" గద్దించాడు మహీధర్.

ఆమె చెయ్యి దానంతటదే పప్పును పళ్లెంలో పడేసి, కొంగు దులిపింది. జీడి సొనకు నల్లబడిన ఆ వేళ్లను చూసి, దుకాణదారురాలు పళ్లెమంతా చెత్తబుట్టలో కుమ్మరించింది.

మహీధర్ నాలుక కరుచుకున్నాడు. "అలవాటులో అనీసినానే. ఇంకో పళ్లెం ఇమ్మంతాను, తిను."

"మీరు తినమంతే తినడానికి ఇంత దూరం రాలేదు బాబూ" అంది కాంతం.

కొత్త పళ్లెం వచ్చింది. కాంతం దాని వైపు చెయ్యి చాపలేదు. మహీధర్ ఒక పప్పు తీసి తన నోట్లో వేసుకున్నాడు.