చెంప తిప్పాలి

గంగాళంలో ముఖం ముంచి ముక్కుతో బుడగలు వదిలింది సుబ్బలక్ష్మి. చెంప పక్కకు తిప్పి నోటితో గాలి పీల్చింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. తడి చేయి కొంగుకు తుడుచుకుని నోటుపుస్తకంలో రాసుకుంది: 'తల ఎత్తకూడదు. చెంప తిప్పాలి.'

పక్కన తెరిచి ఉన్న ఇంగ్లీషు ఈత పుస్తకం భర్త శ్రీనివాసులు తెచ్చింది. నంద్యాల హైస్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టరు. నాలుగేళ్లుగా కాలువలో పిల్లలను పోటీలకు తయారు చేస్తున్నాడు. బి.ఏ. చదివిన భార్య తెలుగులో రాసిస్తే, సాయంత్రం మెడలో ఈల వేసుకుని గట్టు మీద నిలబడి చదివేవాడు. అవన్నీ పిల్లలతో చేయించే సాధనలు: పిడికిళ్లు బిగించి ఈదడం. ఒక చేయి ముందుకు చాచి, రెండోది వచ్చి తాకేదాకా ఆగడం. రాసింది సరిగ్గా ఉందో లేదోనని ఆమె మధ్యాహ్నాలు బల్ల మీద బోర్లా పడుకుని చేతులు ఆడించి చూసుకునేది. చిన్నప్పుడు పుట్టింటి బావిలో తల పైకెత్తి ఈదేది, రాతిగోడ తగలకుండా. పెద్దమనిషయ్యాక అదీ మానిపించారు. తుంటి ఎటు తిరగాలో చూపించమని ఒకసారి భర్తను అడిగితే, "వంటింట్లో కూర్చోని రాసేదానివి, నీకెందుకే అదంతా?" అన్నాడు. మాస్టరు నీళ్లలో దిగితే పిల్లలకు మాస్టరంటే భయం పోతుందని, అందుకే గట్టు దిగనని కూడా అనేవాడు.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో ఆళ్లగడ్డ పక్కనున్న ఆమె పుట్టింటికి వెళ్లారు. పన్నెండేళ్ల కూతురు వైదేహి నడుముకు కట్టుకునే ఈత బెండ్లు పట్టుకుని బావికి పరుగెత్తింది. వెనకే వచ్చిన తండ్రి మెట్ల మీద ఆపేశాడు.

"పెద్దపిల్లవైతాండావ్. ఇంగ బాయి ఏందీ నీకు?"

పిల్ల బెండ్లు ఒళ్లో పెట్టుకుని కూలబడింది. సుబ్బలక్ష్మి ఏదో అనబోయింది. అంతలో ఆమె తమ్ముడు నారాయణ, "ఈత మాస్టరువి, గట్టునే ఎండుతాండావేంది బావా?" అని సరసానికి వెనకనుంచి తోశాడు.

అందరూ నవ్వారు. శ్రీనివాసులు మునిగాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. చేతులు గాలిని పట్టుకుంటున్నాయి. వేషాలేస్తున్నాడని నారాయణ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. సుబ్బలక్ష్మి నవ్వు మాత్రం ఆగిపోయింది. ఈయనకు ఈత రాదు. నాలుగేళ్లు. ఇరవైమంది పిల్లలు. నిండు కాలువ. గట్టు మీద ఒక ఈల.

చీరతోనే దూకింది. తల ఎత్తలేదు. నాలుగు బారల్లో చేరి, జుట్టు పట్టి మెట్టుకు లాక్కొచ్చింది.

ఆయన దగ్గాడు, నీళ్లు కక్కాడు. కళ్లు తెరిచి ఆమెను చూసి అన్న మొదటి మాట: "పైట సర్దుకో. అందరూ చూస్తాండారు."

ఆమె చేతులు అలవాటుగా పైట మీదికి పోయాయి. అక్కడే ఆగిపోయాయి. తర్వాత కొంగు లాగి నడుముకు బిగించి దోపింది. మెట్టెక్కలేదు.

"బడి తెరిచినాక కాలువకాడికి నేను పోతా," అంది మెల్లగా. "మీరు రావొద్దు."

పైకి చూసింది.

"వైదేహీ, దిగు."