పైబావ మెచ్చుకున్న గ్రీజు

లిఫ్టులు బాగుచేసే కిందిబావకు బుధవారం పొద్దున్నే ఒక పొగడ్త వచ్చింది. వచ్చింది పైబావ దగ్గర్నుంచి. అక్కడే ఆయనకు అనుమానం మొదలైంది.

పైబావ పుట్టి బుద్ధెరిగాక ఒక్కణ్ణి మెచ్చుకున్న పాపాన పోలేదు. ముప్పై ఏళ్లు కలిసి పనిచేస్తే, ఆయన నోట కిందిబావ విన్న అతిపెద్ద మెచ్చుకోలు "సరే, ఏడిశావులే" అన్నది. ఆ మాట విన్నరోజు కిందిబావ ఇంటికెళ్లి భార్యకు రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయాడు. అలాంటి మనిషి ఇప్పుడు "మీ అంకితభావం మా అందరికీ స్ఫూర్తిదాయకం" అని రాస్తే నమ్మడానికి కిందిబావేమన్నా నిన్న పుట్టాడా?

వీళ్లిద్దరూ చుట్టాలేం కారు. పనిలో పడిన పిలుపులవి. లిఫ్టు పనికి ఒకడు భవనం నెత్తిమీదున్న మోటారు గదిలో ఉండాలి, ఇంకొకడు కింద లిఫ్టు పెట్టెలో ఉండాలి. పైనుండేవాడు పైబావ, కిందుండేవాడు కిందిబావ. అసలు పేర్లు వాళ్ల గుర్తింపు కార్డులకు తప్ప ఇంకెవరికీ గుర్తులేవు. ఇద్దరికీ మధ్య, లిఫ్టు పెట్టె పట్టుకుని జారే, భవనమంత పొడుగు ఇనుప పట్టా. ఆ ఇనుపగూట్లో ఫోన్లు పలకవు కాబట్టి, పట్టాను పానాతో కొట్టడమే వాళ్ల మాట. ఒక దెబ్బ కొడితే ఆగు, రెండు కొడితే పైకి, మూడు కొడితే కిందికి. ఆపకుండా దడదడా కొడితే తిట్టు. పట్టాకు చెవి ఆనించి, అది ఏ తిట్టో కూడా కిందిబావ చెప్పేవాడట. ఒకసారి పైబావ పైన తుమ్మితే మూడో అంతస్తులో నిలబడ్డ లిఫ్టు నాలుగుకు ఎక్కిందని కూడా అంటారు. చూసినవాళ్లు లేరు గానీ, నమ్మనివాళ్లూ లేరు.

అంతటి జోడీ తొమ్మిదేళ్ల కిందట గ్రీజు దగ్గర విడిపోయింది. లిఫ్టు తీగతాడు పైనున్న కప్పీని పట్టుకునేది ఒరిపిడితోనే. తాడుకు గ్రీజు తగిలిందా, పట్టు తప్పి జారుతుంది. ఒకరోజు తాడు మీద జానెడు పొడవున గ్రీజు కనబడింది. నీ డబ్బానే ఒలికిందని పైబావ, నాది కాదని కిందిబావ. మాటా మాటా పెరిగి, పైబావ సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. కిందిబావ ఉడుకుమోత్తనంతో ఆయన నెంబరు చెరిపేశాడు. తర్వాత పైబావ ఇల్లు మారాడు, నెంబరూ మార్చాడు. ఇంక ఇద్దరి మధ్యా మిగిలింది పౌరుషమొక్కటే.

ఇప్పుడేమో ఆ పౌరుషంతో పని జరిగేలా లేదు. వాళ్లిద్దరూ కలిసి మొట్టమొదట బిగించిన లిఫ్టు, ఆ ఆరంతస్తుల భవనంలోది, ప్రతి అంతస్తులోనూ గడపకు రెండు వేళ్లు పైన ఆగుతోంది. రెండో అంతస్తులో పంటి డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లు దిగబోయి బోర్లా పడి, ఒక పన్ను కోసం వచ్చి మూడు పళ్లు చూపించుకుని పోతున్నారు. శనివారంలోగా సరిచేస్తే సరి, లేకపోతే పాతసామాను వాళ్లొచ్చి పెకలించుకుపోతారని భవనం మేనేజరమ్మ తేల్చిచెప్పింది. సరిచేయాలంటే మోటారు బ్రేకు మరను పైన ఒకడు వెంట్రుకవాసి తిప్పుతుంటే, కింద ఒకడు గడప మీద వేలు రాసి చూస్తూ పట్టా మీద కబురు చెప్పాలి. కిందిబావ ఇద్దరు కొత్తవాళ్లను పైకి పంపి చూశాడు. ఒకడు రెండు దెబ్బలకు ఆగాడు, ఇంకొకడు ఒక్క దెబ్బకు ఏకంగా కిందికి దిగొచ్చి ఏం కావాలని అడిగాడు.

పైబావను వెతికిపెట్టమని మేనకోడల్ని అడిగాడు. వృత్తులవాళ్లూ ఉద్యోగులూ ఒకరికొకరు పరిచయమయ్యే సైటు ఒకటుందిగా, అందులో ఆ పిల్లే ఏడాది కిందట మావయ్యకొక ఖాతా తెరిచి, ఊరికే ఉంచితే బూజు పడుతుందని కృత్రిమ మేధకు అప్పగించింది. కిందిబావ ఆ తర్వాత దాని మొహం చూడలేదు.

ఆమె ఫోను తెరిచి, ఆశ్చర్యంగా అంది: "మావయ్యా, మీరిద్దరూ ఏడాది నుంచీ మాట్లాడుకుంటూనే ఉన్నారు కదా."

కిందిబావ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. పండగ పబ్బాల శుభాకాంక్షలు, పుట్టినరోజు దీవెనలు, ఒకరి నాయకత్వ పటిమకు ఇంకొకరి జోహార్లు. మొత్తం నూటపన్నెండు ఉత్తరాలు. ఇందులో తాను రాసింది ఒక్కటీ లేదు. పైబావకు తన నాయకత్వ పటిమ మీద ఎలాంటి అభిప్రాయముందో ఆయనకు కంఠతా వచ్చు, అది మేనకోడలి ముందు చెప్పేది కాదు. సరే చూద్దామని, ఈసారి తన వేలితోనే రాశాడు: "బావా, మన మొదటి లిఫ్టు పోతోంది. శనివారంలోగా రా." దానికి వచ్చిన జవాబే ఆ అంకితభావం, ఆ స్ఫూర్తీను.

"ఇది వాడు కాదే," అన్నాడు కిందిబావ. "అటుపక్కా మన దాంట్లాంటిదే కూర్చునుంది. రెండూ ఒకదాని వీపు ఇంకొకటి గోక్కుంటున్నాయి."

"మరి అసలు మనిషిని ఎలా కదిలిస్తారు?"

కిందిబావ మీసం సవరించుకున్నాడు. పొగిడితే కదలని మనిషిని కదిలించే మందు ఆయన దగ్గరొకటుంది. మేనకోడలు ఆ సైటులో అందరికీ కనబడేలా టైపు చేస్తుంటే చెప్పాడు: తీగతాళ్లకు గ్రీజు దట్టంగా పట్టిస్తే లిఫ్టు వెన్నలా నడుస్తుంది. మా మొదటి లిఫ్టుకు శుక్రవారం పొద్దున పది గంటలకు పట్టించబోతున్నాను.

ఇది తప్పు కదా అని ఆమె టైపు ఆపింది. తప్పు కాబట్టే రాస్తున్నామని, పైబావ ఎక్కడున్నా ఇది వింటే కంచం ముందు నుంచైనా లేచొస్తాడని ఆయన ధైర్యం చెప్పాడు.

గంటలో నూటనలభై మెచ్చుకోళ్లు వచ్చిపడ్డాయి. గొప్ప ఆలోచనని ఒకరు, దశాబ్దాల అనుభవ సారమని ఇంకొకరు. కుక్కర్లమ్మే కంపెనీ ఒకటి తమ సిబ్బందికి ఉపన్యాసమివ్వమని పిలిచింది. నూటనలభై ఒకటోది పైబావ పేరుతో వచ్చింది: "అద్భుతం! తాళ్లకు గ్రీజు విషయంలో మీతో నూటికి నూరుపాళ్లూ ఏకీభవిస్తున్నాను."

అది చదివి కిందిబావ నీరుగారిపోయాడు. గ్రీజుకు కూడా లేవలేదంటే పైబావకు ఆ సైటు గుమ్మం ఎటుందో కూడా తెలియదన్నమాట. ఆ రాత్రి ముద్ద దిగలేదు. పెళ్లాం ఏమైందని అడిగితే, లిఫ్టు పోతోందన్నాడు. లిఫ్టు కోసం ఇంత దిగులా అని ఆవిడ అనలేదు. ఆవిడకు తెలుసు.

శుక్రవారం పదిగంటలకు లిఫ్టు పెట్టెలో పీట వేసుకుని కూర్చున్నాడు. గ్రీజు డబ్బా తేలేదు, వట్టి పానా ఒక్కటే తెచ్చాడు. పదింబావు అయింది. పదిన్నర అయింది. మేనేజరమ్మ ఒకసారి తొంగిచూసి, జాలిపడి, టీ గ్లాసు చేతికిచ్చి పోయింది. టీ చల్లారింది. ఇంక లేద్దామని మోకాలి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు పట్టా మోగింది.

మోగడమంటే మామూలుగా కాదు. దడదడదడదడ. ఆరంతస్తులూ అదిరాయి. రెండో అంతస్తులో నోరు తెరవనని మొరాయిస్తున్న ఒకాయన ఠక్కున నోరు తెరిచాడని, పంటి డాక్టరు ఆ సందున పని కానిచ్చేశాడని తర్వాత చెప్పుకున్నారు. కిందిబావ పట్టాకు చెవి ఆనించాడు. మొదటిది గాడిద. రెండోది దద్దమ్మ. మూడోది తొమ్మిదేళ్లుగా ఎవరూ తిట్టని తిట్టు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

తర్వాత లిఫ్టు బావిలోంచి గొంతు దిగింది. "తాళ్లు పొడిగానే ఉన్నాయేంట్రా? గ్రీజు తుడవాలని కిరసనాయిలు, గుడ్డలూ మోసుకుని ఆరంతస్తులు మెట్లెక్కి చచ్చాను."

"రావని భయపడ్డాను బావా," అని కిందిబావ పైకి కేకేశాడు. "ఎవరు చెప్పారు?"

బేరింగుల కొట్టాయన సైటులో చూసి ఫోను చేసి, నీకు మతి పోయిందా, గ్రీజుకు నూరుపాళ్లూ ఏకీభవిస్తావా అని నవ్వాడట. పైబావ ఇంట్లో నిలదీస్తే, ఆయన పేరున ఖాతా తెరిచి యంత్రానికి అప్పగించిన సంగతి కోడలు అప్పుడు బయటపెట్టింది. నూటపన్నెండు ఉత్తరాలూ కూర్చుని చదివాడట. "నిన్ను నేను దారిదీపమన్నానట్రా," అన్న గొంతులో అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. "దీపం సంగతి దేవుడెరుగు, నీకు కనీసం అగ్గిపుల్ల వెలిగించడం వచ్చా?"

కిందిబావ నవ్వాడు. నవ్వి, ఆగాడు. పైన మొహం కనబడదు, చీకటి బావి, మధ్యలో తాళ్లు. ఈ మాట చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదనిపించింది.

"బావా, ఆరోజు ఒలికింది నా డబ్బానే."

పైబావ పైనుంచి అన్నాడు: "తెలుసు. నీ డబ్బా మూత నా సంచీలోనే ఉండిపోయింది. ఇంటికెళ్లాక చూశాను."

"అంటే తీసిన మూత నువ్వు మళ్లీ పెట్టలేదా?"

"పెట్టలేదు. పని చూడు."

రెండు దెబ్బలు మోగాయి. పైకి.

మధ్యాహ్నం మూడింటిదాకా పట్టా మీద కబుర్లు నడిచాయి. పైన బ్రేకు వెంట్రుకవాసి తిరిగింది, కింద వేలు గడప మీద రాసుకుంది. ఆఖరికి కిందిబావ పెట్టె నేల మీద నిండుగా పోసిన నీళ్ల గ్లాసు పెట్టి ఆరు గడపలూ తిరిగొచ్చాడు. చుక్క ఒలకలేదు. మేనేజరమ్మ చెప్పు విప్పి గడప మీద పాదం రాసి చూసుకుని, పాతసామాను వాళ్లకు అక్కడికక్కడే ఫోను చేసి రావద్దని చెప్పింది. పైబావ మెట్లు దిగొచ్చి తనూ వేలు రాసి చూసి, "సరే, ఏడిశావులే" అన్నాడు.

సాయంత్రం మేనకోడలు ఆ సైటులో ఇద్దరి ఖాతాలకూ యంత్రాన్ని తీసేయమంటారా అని అడిగింది. అప్పుడే కిందిబావ ఫోను కిణుక్కుమంది. మన స్నేహబంధం తరతరాలకు ఆదర్శమని పైబావ పేరుతో వచ్చింది. ఎదురుగా కూర్చుని టీ ఊదుకుంటున్న పైబావ, తనకేమీ తెలియదన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఉండనీ అమ్మా," అన్నాడు కిందిబావ. "పాపం ఏడాది నుంచీ ఒక్కమాట అనుకోకుండా ఉన్నాయి. మధ్యలో మనం వెళ్లి వాటికెందుకు తగువు పెట్టడం?"

"గ్రీజు సంగతి మాత్రం చెరిపించు," అని గొణిగాడు పైబావ. చెప్పి, కిందిబావ ఫోను లాక్కుని, తన కొత్త నెంబరు తానే నొక్కి పెట్టాడు.