జాలిలో వాటా

ట్యునీషియాలోని స్ఫాక్స్ ఊళ్లో ఒకే ఇంటి తోడికోడళ్లు ఇద్దరికీ ఒకే ఏడాది ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. ఇద్దరికీ ఆపరేషన్ అయింది, ఇద్దరూ బతికారు. మేడ మీద ఉండే పెద్దకోడలు బేయా పెళ్లికి ముందునుంచీ సిగరెట్లు కాల్చేది. కింద ఉండే మోంజియా పొగ వాసనకే ముక్కు మూసుకునేది.

చూడటానికి వచ్చినవాళ్లు కిందే ఆగిపోయేవారు. "నువ్వేం పాపం చేశావమ్మా!" అని మోంజియా తల నిమిరేవారు. ఎవరైనా పైకి వస్తే, "ఎన్నిసార్లు చెప్పాం, విన్నావా?" అని, కూర్చోకుండానే వెళ్లిపోయేవారు.

బేయాకి ఒళ్లు మండేది. కోత ఒకటే, నొప్పి ఒకటే, జాలి మాత్రం దానికొక్కదానికేనా? మోంజియా కూడా దొంగచాటుగా కాల్చి ఉంటే బాగుండునని కోరుకునేది. సిగ్గుపడేది. మళ్లీ కోరుకునేది.

ఒక మధ్యాహ్నం ఆడబిడ్డ వరసైన ఖద్దూజా అలా వెళ్లగానే, బేయా గోడ పట్టుకుని రొప్పుతూ మెట్లు దిగింది.

"ఏం తెచ్చింది మహాతల్లి?"

"చేపల సూప్. తింటావా అక్కా?"

"నాకెందుకులే. నాది కొనితెచ్చుకున్న రోగం, నీది దేవుడిచ్చింది."

మోంజియా చెంచా విసురుగా పెట్టింది. "గిన్నె కనబడింది గానీ ఆ మహాతల్లి అడిగింది వినబడలేదా? 'నిజం చెప్పు, బాత్రూంలోనన్నా ఒక్కటి కాల్చలేదూ?' అంది. మొన్నయితే బీరువా తీసి నా బట్టలు వాసన చూసింది!"

బేయా కుట్ల దగ్గర అదిమి పట్టుకుని పగలబడి నవ్వింది.

"నవ్వు, నీకేం! ఎందుకొచ్చిందో తెలుసు, మానేశావు. నేనేం మానాలి, ఊపిరి తీయడమా? నిన్ను చూస్తే ఎంత కుళ్లో తెలుసా నాకు?"

బేయా నవ్వు ఆగిపోయింది. తనను చూసి కుళ్లుకునే మనిషి కూడా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మెల్లగా కుర్చీలో కూర్చుని గిన్నె తనవైపు లాక్కుంది.

"మానడం తేలికనుకున్నావా? కాఫీ తాగితే ఇప్పటికీ వేళ్లు వెతుక్కుంటాయి."

ఆ తరవాత పరీక్షలకు ఇద్దరూ కలిసే వెళ్లేవారు. చివరికి ఇద్దరికీ రోగం జాడ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రం కింద చుట్టాలు నిండిపోయారు. "పైన కూడా ఒకావిడ బతికింది, వెళ్లి చూసి రండి," అంది మోంజియా గట్టిగా.

ఖద్దూజా పైకొచ్చింది, ఈసారి కూర్చుంది కూడా. బేయాకి సంతోషం వేసింది. కానీ తెచ్చిన మిఠాయి పెట్టె మాత్రం కిందే పెట్టి వచ్చిందని ఆమె గమనించకపోలేదు.